డెల్టా తేమలో పాత చిన్న ఫ్రిజ్: మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి

క్లుప్తంగా: పాత 165 లీటర్ల ఫ్రిజ్ చల్లబడకపోతే గోదావరి జిల్లాల్లో మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది". చాలాసార్లు గ్యాస్ లైన్ జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు. లోపం తలుపు రబ్బరులోనో, గోడల్లో కూరిన గ్లాస్‌ఊల్ (గాజు దూది) తడవడంలోనో, మోటారును స్టార్ట్ చేసే రిలేలోనో ఉంటుంది. లైన్ కోయక తప్పనప్పుడు మాత్రం మూడు విషయాలు చూసుకోవాలి: ఏ గ్యాస్ ఎక్కిస్తున్నారు, ఎన్ని గ్రాములు ఎక్కిస్తున్నారు, గొట్టాల్లో తేమ మిగిలిందా. మళ్లీ ఎన్నాళ్లు నడుస్తుందన్నది వీటి మీదే ఆధారపడుతుంది.

ఈ డబ్బాలు ఎందుకు బాగవుతాయి

గోద్రెజ్ 1958లో దేశీయంగా ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. హైదరాబాద్ సనత్‌నగర్‌లో తయారైన ఆల్విన్, దాని పక్కన కెల్వినేటర్, వోల్టాస్ ఒక తరం పాటు తెలుగు ఇళ్లలో ఫ్రిజ్ అనే మాటకు అర్థంగా నిలిచాయి. వాటిలో ఎక్కువ భాగం 165 లీటర్ల సింగిల్ డోర్ మోడళ్లే. ఇప్పుడు అమలాపురం, తణుకు, పాలకొల్లు వైపు పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు ఇవి అటక కిందనుంచో, వసారా మూలనుంచో బయటపడుతున్నాయి. పాత ఇనుము కింద అమ్మేయాలా, బాగుచేయించాలా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది.

వీటిని బాగుచేయడం కుదరడానికి కారణం నిర్మాణంలోనే ఉంది. వేడిని బయటికి వదిలే కండెన్సర్ జాలీ వెనక బయటే వేలాడుతుంది. ఫ్రీజర్ బాక్సు నాలుగు స్క్రూల మీద నిలుస్తుంది. గొట్టం ఎక్కడ కారుతోందో కంటితో చూడవచ్చు. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటికి కండెన్సర్ గొట్టం పక్క రేకుల వెనక ఫోమ్‌లో కూరుకుపోయి ఉంటుంది. అక్కడ లీకేజి వస్తే కొత్త కండెన్సర్ బయట తగిలించడం తప్ప దారి ఉండదు.

పాతదానికి కరెంటు ఎక్కువ పడుతుంది, ఆ మాట దాచాల్సిన పనిలేదు. 120 వాట్ల కంప్రెసర్ రోజులో 60 శాతం సమయం నడిస్తే 1.7 యూనిట్లు, ఏడాదికి 630 యూనిట్లు. అదే కంప్రెసర్ ఆగకుండా నడిస్తే రోజుకు 2.9 యూనిట్లు. ఈ రెండు అంకెల మధ్య తేడా గ్యాస్ వల్ల కన్నా తలుపు, గోడల వల్లే ఎక్కువగా వస్తుంది.

తేమ చేసే పని

కోనసీమలో వేసవి రోజు గాలి 33 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉందనుకుందాం. ఆ గాలి 28 డిగ్రీల చల్లటి వస్తువును తాకితే చాలు, నీరు పట్టేస్తుంది. హైదరాబాద్‌లో అదే కాలంలో 38 డిగ్రీలు, 30 శాతం తేమ ఉంటే నీరు పట్టాలంటే వస్తువు 17 డిగ్రీలకు దిగాలి. అంటే ఎండ ఎక్కువ ఉన్నచోట కన్నా ఉక్కపోత ఎక్కువ ఉన్నచోటే ఫ్రిజ్‌కు కష్టం.

ఫ్రిజ్ గోడలో జరిగేది కంటికి కనబడదు. బయటి గాలిలోని నీటి ఆవిరి పీడనం పై లెక్కలో 3.8 కిలోపాస్కల్. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల దగ్గర అది 0.9కి మించదు. ఈ తేడా ఆవిరిని బయటనుంచి లోపలికి తోస్తూనే ఉంటుంది. హైదరాబాద్ లెక్కతో పోలిస్తే ఈ తోపు సుమారు రెండున్నర రెట్లు. రేకు అతుకుల్లో, వైరు దూరే రంధ్రంలో, తుప్పు తిన్న అడుగులో సన్నని సందు దొరికితే ఆవిరి గోడలోకి చేరి, చల్లటి లోపలి పెట్టె వెనక నీరవుతుంది.

పాత మోడళ్లలో గోడ నిండా గ్లాస్‌ఊల్ ఉంటుంది. పొడిగా ఉన్న గ్లాస్‌ఊల్ వేడిని పోనిచ్చే గుణం (మీటరుకు, డిగ్రీకి వాట్లలో) 0.035 నుంచి 0.04. నీటికది 0.6. అంటే పదిహేను రెట్లు పైమాటే. దూది తడిసినచోట గోడ ఉన్నట్టా లేనట్టా అన్నట్టే. పైగా తడి బరువుకు దూది కిందికి జారి, పైభాగంలో ఖాళీ మిగులుతుంది. తర్వాతి మోడళ్లలో వాడిన పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ మూసుకున్న బుడగలతో ఉంటుంది కాబట్టి ఇంత సులువుగా తడవదు. ఏళ్లు గడిచేకొద్దీ బుడగల్లోని వాయువు పోయి గాలి చేరడంతో అది కూడా కొంత బలహీనపడుతుంది.

దీన్ని పసిగట్టే పద్ధతి తేలిక. ఫ్రిజ్ ఆరు గంటలు నడిచాక బయటి రేకు మీద అరచేతితో తడమాలి. వానాకాలంలో తలుపు అంచు చుట్టూ చెమట పట్టడం మామూలే. పక్క రేకు మీద గానీ వెనక అడుగున గానీ ఒకేచోట మచ్చలా చెమట పడితే, దాని వెనక దూది తడిసిందనే అర్థం. అలాంటి ఫ్రిజ్‌కు ఎన్నిసార్లు గ్యాస్ మార్చినా కంప్రెసర్ ఆగదు.

గ్యాస్ జోలికి వెళ్లకముందు

మొదట తలుపు. అంగుళం వెడల్పు కాగితపు ముక్కను పెట్టి తలుపు మూసి లాగాలి. చుట్టూ పదిచోట్ల ఇలా చూడాలి. బిగువు లేకుండా జారివచ్చినచోట గాలి దూరుతున్నట్టే. బందుల వైపు సందు ఉంటే తప్పు రబ్బరుది కాకపోవచ్చు, తలుపు కిందికి వాలి ఉండవచ్చు. కింది బందు దగ్గర వాషర్ వేస్తే సరిపోతుంది. వంకర పోయిన రబ్బరును విప్పి పది నిమిషాలు వేడినీళ్లలో ఉంచి సాపు చేస్తే చాలావరకు దారికొస్తుంది. చేయి పెట్టగలిగినంత వేడికి కొంచెం పైన ఉంటే చాలు, మరిగే నీళ్లు వద్దు. నల్లబూజు వదలడానికి సబ్బు నీళ్లు వాడాలి. పెట్రోలు, థిన్నర్ తగిలితే రబ్బరు గట్టిపడి పగులుతుంది. అయస్కాంతపు పట్టీ పట్టు వదిలేసిన రబ్బరును మాత్రం మార్చాల్సిందే.

తర్వాత కరెంటు. పాత రబ్బరు తొడుగు వైరు వంచితే పొడిపొడిగా రాలుతుంది. తడి గచ్చు మీద వట్టి కాళ్లతో తలుపు పట్టుకునే ఇంట్లో అది ప్రాణాంతకం. మూడు కోర్ల కొత్త వైరు వేయాలి. ఎర్త్ వైరు బిగించేచోట రంగు గీకి, పచ్చి రేకుకు తగిలేలా స్క్రూ వేయాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే ఇంకా భద్రం.

కంప్రెసర్ మీది మూడు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడాలి. ఏ రెంటి మధ్య ఓమ్‌లు అన్నిటికన్నా ఎక్కువో, వాటిని వదిలితే మిగిలేది కామన్. కామన్ నుంచి తక్కువ చూపేది రన్నింగ్, ఎక్కువ చూపేది స్టార్టింగ్. ఉదాహరణకు 15, 25, 40 వస్తే 40 అన్నది మిగతా రెంటి మొత్తం కావాలి. మొత్తం సరిపోకపోతే వైండింగ్ చెడింది. పిన్ను నుంచి కంప్రెసర్ బుర్రకు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూసినప్పుడు కనీసం 2 మెగాఓమ్‌లు ఉండాలి.

గుర్రుమని పది పదిహేను సెకన్లు మోగి, టక్‌మని ఆగిపోయే ఫ్రిజ్‌లో ముందు రిలేనే అనుమానించాలి. పాత కాయిల్ రిలేలో లోపలి ముక్క బరువుకు కిందికి దిగి, కరెంటు లాగినప్పుడు పైకి లేస్తుంది. అందుకే దాన్ని బాణం గుర్తు పైకి ఉండేలా బిగించాలి. తలకిందులుగా పెడితే స్టార్టింగ్ వైండింగ్‌కు కరెంటు ఆగదు, కొన్ని నిమిషాల్లో అది మాడిపోతుంది. ఇక్కడి ఇళ్లలో రిలే పెట్టెలో చిన్న చీమలు చేరి కాంటాక్టుల మధ్య నలిగిపోవడం, బల్లులు దూరడం తరచు కనిపించే సంగతే. పెట్టె మూత పగిలి ఉంటే కొత్తది వేయడం ఆ కొద్దిపాటి ఖర్చుకు తగిన పనే.

వోల్టేజి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మోటారు మొదలయ్యే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 నుంచి 180కి పడితే బలం 61 శాతానికి దిగుతుంది. చెరువుల మీద ఏరేటర్లు, పొలాల్లో మోటార్లు ఒకేసారి తిరిగే ఫీడర్ల మీద ఇది ఎదురయ్యే సమస్యే. పైగా కరెంటు పోయి వెంటనే వస్తే, కంప్రెసర్‌కు రెండువైపులా గ్యాస్ పీడనం ఇంకా సమం కాదు. క్యాపిలరీ అనే సన్నని గొట్టం గుండా అది సమం కావడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఆలోపే మోటారు తిరగబోతే జామ్ అవుతుంది. మూడు నిమిషాల ఆలస్యం ఉన్న స్టెబిలైజర్ పాత కంప్రెసర్‌కు మందు లాంటిది.

"గ్యాస్ అయిపోయింది" అన్నప్పుడు

గ్యాస్ అనేది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది తగ్గిందంటే ఎక్కడో రంధ్రం ఉంది. రంధ్రం వెతకకుండా గ్యాస్ ఎక్కిస్తే కొన్ని వారాల్లో కథ మొదటికొస్తుంది. అందుకే కోయడానికి ముందు లక్షణాలు చూడాలి.

గ్యాస్ తగ్గినప్పుడు ఫ్రీజర్ బాక్సులో గొట్టం మొదలయ్యేచోట మాత్రమే మంచు పడుతుంది, మిగతా భాగం తడిగా ఉండిపోతుంది. కండెన్సర్ గోరువెచ్చగా ఉంటుంది. ఎక్కువైనప్పుడు మంచు వెనక రిటర్న్ గొట్టం దాకా పాకి, కంప్రెసర్ మీద చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. కంప్రెసర్ వాల్వు అరిగితే మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ కండెన్సర్‌లో వేడి రాదు, క్లాంప్ మీటరులో ఆంపియర్లు ప్లేటు మీది అంకె కన్నా బాగా తక్కువ చూపుతాయి. చోక్ అయితే, అంటే గొట్టం లోపల మూసుకుపోతే, సక్షన్ వైపు (గ్యాస్ కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే వైపు) పీడనం సున్నా కిందికి పడి, మోటారు ఆపినా రెండువైపులా సమం కావడానికి చాలాసేపు పడుతుంది.

చోక్‌లోనూ రెండు రకాలున్నాయి. మైనం, మసి పట్టినది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. తేమ వల్ల వచ్చేది మాత్రం వస్తూ పోతుంది. ఫ్రిజ్ రెండు మూడు గంటలు బాగా చల్లబడి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. క్యాపిలరీ ఫ్రీజర్‌లోకి చేరే చివర నీటిచుక్క గడ్డకట్టడమే దీనికి కారణం. అక్కడ వేడినీళ్లలో ముంచిన గుడ్డ అదిమితే బుస్సుమన్న చప్పుడుతో గ్యాస్ మళ్లీ పారుతుంది. అలా పారితే ఆ ఫ్రిజ్‌కు కావాల్సింది అదనపు గ్యాస్ కాదు, తేమ పీల్చే కొత్త ఫిల్టర్, గొట్టాల్లోని గాలిని, తేమను పంపుతో లాగేసే సరైన వాక్యూమ్.

రంధ్రాలు ఎక్కువగా దొరికే చోట్లు కొన్నే. ఐస్ ట్రే అంటుకుపోయిందని చాకుతో పొడిచిన ఫ్రీజర్ బాక్సు వీటిలో మొదటిది. అల్యూమినియం గొట్టం రాగి గొట్టంతో కలిసే అతుకు, నీరు కారి తుప్పు పట్టిన కండెన్సర్ అడుగు వంపు కూడా చూడాలి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వంటి తీరపు ఊళ్లలో ఇనుప కండెన్సర్ మీద ఉప్పుగాలి రంగును లేపేసి సూదిమొన రంధ్రాలు చేస్తుంది. రంధ్రం ఉన్నచోట నూనె మరక గానీ దుమ్ము అంటుకున్న మచ్చ గానీ కనిపిస్తుంది.

12, 134, 600: ఏ గ్యాస్

గందరగోళం అంతా ఇక్కడే ఉంది. పాత ఫ్రిజ్‌లు ఆర్-12 గ్యాస్ కోసం తయారైనవి. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని నియంత్రణలోకి తెచ్చింది. భారత్ 1992లో అందులో చేరింది. 2010 నాటికి ఇలాంటి వాడకానికి దాని ఉత్పత్తి ముగిసింది. ఇప్పుడు "12" అని రాసి అమ్మే సిలిండర్‌ను నమ్మడానికి లేదు. నకిలీ గ్యాసుల్లో మిథైల్ క్లోరైడ్ కలిపిన సందర్భాలు ప్రపంచంలో నమోదయ్యాయి. అది అల్యూమినియంతో కలిస్తే, గాలి తగలగానే మండే పదార్థం తయారవుతుంది. ఈ ఫ్రిజ్‌ల ఫ్రీజర్ బాక్సు చాలావాటిలో అల్యూమినియందే. కాబట్టి లోపల అసలు ఆర్-12 ఇంకా ఉండి ఫ్రిజ్ చల్లబడుతుంటే, ఆ గొట్టాన్ని ముట్టుకోకపోవడమే అన్నిటికన్నా మంచి మరమ్మతు.

ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు, మండదు, అన్నిచోట్లా దొరుకుతుంది. చిక్కంతా నూనెతో వస్తుంది. పాత కంప్రెసర్‌లో ఉండేది మినరల్ ఆయిల్. 134ఏ దానితో కలవదు. గ్యాస్‌తో పాటు కొట్టుకుపోయిన నూనె తిరిగి కంప్రెసర్‌కు రాకుండా ఫ్రీజర్ గొట్టంలో పేరుకుంటుంది. కొన్ని నెలల్లో క్యాపిలరీ చోక్ అవుతుంది, మోటారు నూనె లేక అరుగుతుంది. "134 వేయించాం, ఆరు నెలలే నడిచింది" అన్న ఫిర్యాదుకు అసలు కారణం ఇదే. సరిగ్గా మార్చాలంటే కంప్రెసర్‌ను వంచి పాత నూనె తీసి, పీఓఈ అనే కృత్రిమ నూనెతో రెండు మూడుసార్లు కడిగి, క్యాపిలరీ పొడవు కూడా సవరించాలి. అంత చేసేబదులు 134ఏ కోసమే తయారైన కొత్త కంప్రెసర్ వేయడం తేలిక. పీఓఈ నూనె గాలిలోని తేమను స్పాంజిలా పీలుస్తుంది. డెల్టా గాలిలో డబ్బా మూత తీసి ఉంచితే అది పాడైనట్టే. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణ కింద 134ఏ వాడకాన్ని కూడా ముందుముందు తగ్గించాల్సి ఉంది.

కొత్త ఫ్రిజ్‌లలో ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఇది మినరల్ ఆయిల్‌తో చక్కగా కలుస్తుంది. అయినా నేరుగా పాత కంప్రెసర్‌లో ఎక్కిస్తే చల్లదనం సగానికి పడిపోతుంది. దాని ఆవిరి పలచన. ఒక్కో తిప్పుకు ఆర్-12 మోసే వేడిలో సగం కన్నా కాస్త ఎక్కువే మోయగలదు. 600ఏ కంప్రెసర్లలో సిలిండర్ పెద్దగా ఉండేది అందుకే. ఇంకో ఇబ్బంది ఉంది. ఫ్రీజర్ మైనస్ 20 డిగ్రీల దగ్గర ఆర్-12 పీడనం గేజి మీద 7 పీఎస్ఐ ఉంటుంది. 600ఏ అదే వేడిమి దగ్గర వాతావరణ పీడనం కన్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు సక్షన్ వైపు రంధ్రం ఉంటే గ్యాస్ బయటికి పోవడం కాదు, బయటి తడిగాలి లోపలికి వస్తుంది.

పాత కంప్రెసర్ బాగుంటే దానికి నప్పేది ప్రొపేన్, ఐసోబ్యూటేన్ దాదాపు చెరిసగం కలిపిన హైడ్రోకార్బన్ మిశ్రమం. దాని చల్లదనం, పీడనం ఆర్-12కి దగ్గరగా ఉంటాయి, నూనె మార్చనక్కర్లేదు, క్యాపిలరీ కూడా అదే సరిపోతుంది. బరువులో 40 నుంచి 45 శాతం చాలు. ప్లేటు మీద ఆర్-12 110 గ్రాములు అని ఉంటే ఇది 44 నుంచి 50 గ్రాములు.

ఇది మండే గ్యాస్. ఎంత ప్రమాదమో లెక్కతో చూడాలి. 45 గ్రాములు గదిలో కారితే, పదడుగుల గదిలో ఘనమీటరుకు 1.6 గ్రాములు. మండాలంటే 40 గ్రాముల దాకా కావాలి. కాబట్టి గది వరకు భయం తక్కువ. ఫ్రిజ్ పెట్టె లోపల కారితే మాత్రం లెక్క తిరగబడుతుంది. 165 లీటర్ల మూసిన పెట్టెలో 7 గ్రాములు చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. పాత ఫ్రిజ్‌లో ఆ రవ్వ థర్మోస్టాట్‌లోనూ, తలుపు తీసినప్పుడు వెలిగే లైటు స్విచ్‌లోనూ ఉంది. అందుకని హైడ్రోకార్బన్ ఎక్కించేముందు ఆ రెంటినీ మూసిన రకానికి మార్చాలి, లేదా పెట్టె బయటికి తేవాలి. చాకుగాటు పడి ఎపాక్సీతో అతికించిన ఫ్రీజర్ బాక్సులో ఈ గ్యాస్ వేయకూడదు. బాక్సునే మార్చాలి. ఈ గ్యాస్ మీద శిక్షణ పొందిన మెకానిక్ చేతనే పని చేయించాలి.

గొట్టం కోసిన తర్వాత

పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా రికవరీ సిలిండర్‌లోకి తీయాలి. గ్యాస్ ఉన్న గొట్టానికి మంట పెట్టకూడదు. లోపల హైడ్రోకార్బన్ ఉందన్న అనుమానం ఉంటే గొట్టాన్ని కట్టర్‌తోనే కోసి, నైట్రోజన్ పారించాకే వెల్డింగ్ చేయాలి. ఇల్లంతా మూసి, పొయ్యి పక్కన పని చేయడం అసలు కూడదు. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, గచ్చు మీదే పేరుకుంటుంది.

రాగికి రాగి అతికేటప్పుడు ఫాస్ఫరస్ కలిసిన రాగి రాడ్ సరిపోతుంది. రాగిని ఇనుప గొట్టానికి అతికేటప్పుడు ఫ్లక్స్‌తో వెండి రాడ్ వాడాలి. ఫాస్ఫరస్ రాడ్ ఇనుముతో పెళుసైన అతుకు ఇస్తుంది, కంప్రెసర్ అదురుకు కొన్నాళ్లలో చిట్లుతుంది. కొన్ని రూపాయలు మిగులుతాయని ఇక్కడ రాడ్ మార్చడం వల్లే రెండోసారి లీకేజి వస్తుంది.

ఫిల్టర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. ఆర్-12కి ఎక్స్‌హెచ్-5 రకం సరిపోయేది, 134ఏ, 600ఏ లకు ఎక్స్‌హెచ్-7 గానీ 9 గానీ వాడాలి. క్యాపిలరీ వైపు కిందికి వాలి ఉండేలా పెట్టాలి. క్యాపిలరీని లోపలికి సెంటీమీటరున్నర దూర్చాలి, ఫిల్టర్ లోపలి జాలీకి తగలకూడదు. ఫిల్టర్ ప్యాకెట్టును అతుకు వేసే నిమిషంలోనే చింపాలి. ఉక్కపోత రోజున తెరిచి బల్ల మీద పెట్టిన ఫిల్టర్ గాలిలోని నీటినే తాగేసి, లోపలి పనికి మిగలదు.

నైట్రోజన్ 10 బార్ దాకా ఎక్కించి సబ్బునురగతో ప్రతి అతుకూ చూశాక వాక్యూమ్ మొదలుపెట్టాలి. ఫ్రిజ్ కంప్రెసర్‌నే తిప్పి వాక్యూమ్ తీయడం చాలాచోట్ల నడుస్తున్న అలవాటు. అది లోతైన వాక్యూమ్ తీయలేదు, దాని నూనెలోని తేమ అక్కడే ఉంటుంది, ఆ స్థితిలో వైండింగ్ పిన్నుల దగ్గర మెరుపు కొట్టవచ్చు. రెండు దశల రోటరీ పంపుతో 500 మైక్రాన్లకు (వాక్యూమ్ లోతును కొలిచే పీడనపు కొలత) దించి, వాల్వు మూసి పదిహేను నిమిషాలు చూడాలి. ముల్లు పైకి లేచి 1500, 2000 దగ్గర ఆగితే లోపల తేమ ఉంది. ఆగకుండా ఎక్కుతుంటే రంధ్రం ఉంది. తేమ ఉంటే నైట్రోజన్ వదిలి మళ్లీ లాగాలి. డెల్టాలో ఇలా మూడుసార్లు చేయడం అతి జాగ్రత్త కాదు. పంపు నూనె పాలలా తెల్లబడితే వెంటనే మార్చాలి. అది నీరు చేరిన నూనె.

గ్యాస్‌ను గేజి చూసి కాదు, ఒక గ్రాము తేడా చూపే త్రాసు మీద తూచి ఎక్కించాలి. క్యాపిలరీ ఫ్రిజ్‌లో అదనపు గ్యాస్ దాచుకునే తావు లేదు. 5 గ్రాములు అటూఇటూ అయినా మంచు గీత జరుగుతుంది. మిశ్రమాన్ని ద్రవరూపంలోనే తీసుకోవాలి, ఆవిరిగా తీస్తే ప్రొపేన్ పాలు ఎక్కువ వస్తుంది. అదే కారణంగా లీకైన మిశ్రమానికి పైన కొంచెం కలపకూడదు. మొత్తం తీసి కొత్తగా నింపాలి.

ఆ తర్వాత 24 గంటలు ఖాళీగా నడిపి, పెట్టె మధ్యలో నీళ్ల గ్లాసులో ఉంచిన థర్మామీటర్ 3 నుంచి 7 డిగ్రీల మధ్య నిలిచిందా, మోటారు ఆగి ఆగి నడుస్తోందా చూడాలి.

తడిసిన దూది మార్చడం

తలుపు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీలు పాతబడి గాజులా విరుగుతాయి. వేడి గుడ్డ చుట్టి మెత్తబరిచి, ఒక చివరనుంచి మెల్లగా లేపాలి. అవి బయట దొరకవు. ఫ్రీజర్ బాక్సును గొట్టం వంచకుండా పక్కకు కట్టి, లోపలి పెట్టెను బయటికి లాగితే దూది కనిపిస్తుంది. గ్లాస్‌ఊల్ ముట్టుకునేముందు గ్లౌజులు, మాస్కు వేసుకోవాలి.

కాస్త తడిసిన దూదిని మూడు నాలుగు రోజులు ఎండలో ఆరబెట్టి తిరిగి వాడవచ్చు. జారి, నల్లబడి, ఎలుకలు గూడు పెట్టినదాన్ని పారేసి కొత్తది గానీ పీయూ ఫోమ్ పలకలు గానీ కోసి పెట్టాలి. ద్రవ ఫోమ్‌ను పోయడం మాత్రం మానుకోవాలి. అది పొంగేటప్పుడు లోపలి పెట్టెను ఉబ్బించేస్తుంది, గొట్టాన్ని శాశ్వతంగా పాతిపెడుతుంది. తర్వాతి మరమ్మతుకు దారి మూసుకుపోతుంది.

అసలు కీలకం బయటి రేకు. అతుకులన్నిటికీ, వైరు రంధ్రాలకు బ్యూటైల్ గానీ తారు మాస్టిక్ గానీ పట్టించాలి. లోపలి పెట్టె అంచును అంత బిగుతుగా మూయకూడదు. గోడలోకి ఎలాగో చేరిన ఆవిరి ఆ సందుల గుండా ఫ్రీజర్ మీదికి చేరి మంచుగా మారి బయటపడుతుంది. రెండువైపులా మూసేస్తే నీరు గోడలోనే చిక్కుకుంటుంది.

రంగు సంగతి తక్కువే. తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న కన్వర్టర్‌తో చంపి, ఎపాక్సీ ప్రైమర్ మీద కార్లకు వేసే రెండు భాగాల పీయూ పెయింట్ వేస్తే తీరప్రాంతంలోనూ నిలుస్తుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకకుండా నీళ్లతో తడిపి రుద్దాలి. వానరోజుల్లో రంగు వేస్తే పొర తెల్లబారుతుంది.

దుకాణాల్లోని పెట్టె కూలర్లు

గోలీసోడా, ఆర్టోస్ సీసాలు చల్లబరచడానికి వాడిన పైమూత పెట్టెల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఊక కూరిన గోడలతో ఐసుగడ్డ వేసుకునే పెట్టె ఒకటి. కంప్రెసర్ ఉన్న నీటితొట్టె కూలర్ ఇంకొకటి. ఆర్టోస్ పుట్టిన రామచంద్రపురం పరిసరాల్లో వీటికి ఇంకా గిరాకీ ఉండటం సహజం. పొడిగా ఉన్నంతకాలం ఊక మంచి అడ్డుగోడే. తడిస్తే కుళ్లి, పురుగు పట్టి, దూది కన్నా తొందరగా పాడవుతుంది.

పైమూత పెట్టెలో చల్లగాలి బరువుకు అడుగునే ఉంటుంది కాబట్టి మూత తీసినా పోదు. నిలువు తలుపు ఫ్రిజ్‌లో తలుపు తీసినప్పుడు చల్లగాలి కాళ్ల మీద పారిపోయి, దాని జాగాలోకి డెల్టా తడిగాలి వస్తుంది. పై లెక్క ప్రకారం పెట్టెలోని గాలి అంతా మారితే సుమారు 3 గ్రాముల నీరు లోపలికి చేరుతుంది. దుకాణంలో రోజుకు వందసార్లు తీస్తే ఎంత మంచు పేరుకుంటుందో ఊహించవచ్చు.

నీటితొట్టె కూలర్ గాలి కన్నా వేగంగా చల్లబరుస్తుంది గానీ దానికీ హద్దుంది. 200 మిల్లీలీటర్ల 24 గాజు సీసాలను 33 నుంచి 5 డిగ్రీలకు దించాలంటే ద్రవం, గాజు కలిపి 760 కిలోజూల్స్ తీయాలి. 150 వాట్ల చల్లదనం ఇచ్చే యంత్రానికి అది గంటన్నర పని. కొత్త సీసాలు వేసిన పది నిమిషాలకే చల్లబడలేదని గ్యాస్ మీద అనుమానపడటం సరికాదు. ఈ తొట్టెల్లో మొదట పోయేది అడుగు. నీరు త్వరగా చల్లబడుతుందని ఉప్పు కలిపితే జింకు పూత కరిగి, ఒకటి రెండు వేసవుల్లో తొట్టె కారుతుంది. కారిన నీరు గోడలోని దూదిని తడుపుతుంది.

వరద నీట మునిగినవి

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద సాగింది. 2022 జూలైలో మళ్లీ లంక గ్రామాలు మునిగాయి. నీరు తీశాక ఫ్రిజ్‌ను వెంటనే ప్లగ్గులో పెట్టడమే దాన్ని చంపే పని. కంప్రెసర్, గొట్టాలు మూసినవి కాబట్టి లోపల వరదనీరు చేరదు, గ్యాస్‌కు ఏమీ కాదు. ఒండ్రును మంచినీళ్లతో కడిగి, రిలే, ఓవర్‌లోడ్, థర్మోస్టాట్ మార్చి, గ్లాస్‌ఊల్ మోడల్ అయితే దూది మొత్తం బయటికి తీసి, వారం రోజులు ఆరబెట్టాక మెగ్గర్ చూసి కరెంటు ఇవ్వాలి. ఆటో ట్రాలీలో పడుకోబెట్టి తెచ్చిన ఫ్రిజ్‌ను ఒక రోజు నిలబెట్టి ఉంచాలి. గొట్టాల్లోకి పారిన నూనె కంప్రెసర్‌లోకి దిగడానికి ఆ సమయం కావాలి.

విప్పకూడనివి, తీసేయాల్సినవి

కరెంటు చేరని రోజుల నాటి కిరసనాయిలు ఫ్రిజ్ దొరికితే దాని గొట్టాన్ని కోయకూడదు. అందులో అధిక పీడనంలో అమోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. తుప్పు పట్టకుండా కలిపిన క్రోమేట్ ఉప్పు విషం. వెనక గొట్టం మీద పసుప్పచ్చ పొడి, అమోనియా ఘాటు ఉంటే అది కారుతోందన్నమాట. అలాంటిదాన్ని ఇంట్లో ఉంచకూడదు. కారకుండా ఉన్నదాన్ని మట్టానికి సరిగ్గా నిలబెట్టడం, బర్నర్ వత్తి, పొగగొట్టం శుభ్రం చేయడం వరకే ఇంటి పని.

చాలా పాత మోడళ్లకు తలుపు మీద కారు తలుపు లాంటి గొళ్లెం ఉంటుంది. లోపలినుంచి అది తెరుచుకోదు. ఆడుకుంటూ లోపల దూరిన పిల్లలు ఊపిరాడక చనిపోవడంతో అమెరికా 1956లో అలాంటి గొళ్లేన్ని చట్టంతో ఆపించింది. అందం కోసం పిడి ఉంచుకోవచ్చు, లోపలి నాలుకను తీసేసి అయస్కాంతపు రబ్బరు వేయాలి. మరమ్మతు పూర్తయ్యేదాకా వసారాలో పడి ఉండే ఖాళీ ఫ్రిజ్‌కు తలుపునే ఊడదీసి గోడకు ఆనించి ఉంచాలి.